కందుకూరి రుద్రకవి

నెల్లూరు మండలపు పడమటి దిక్కున మూడువేల అడుగులకు పైబడిన కొండ మీద ఉదయగిరి దుర్గము వెలసియున్నది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందలి పల్లెలలో పంటలు ఇంటికి చేరిన పిమ్మట వీథి నాటకము లాడించుట పూర్వపు వాడుక. ప్రొద్దు గ్రుంకి భోజనములైన తరువాత మద్దెల మ్రోత వినవచ్చెడిది. ఇద్దరు పట్టుకొనిన తెర వెనుక నిలిచి వేషధారి తన ప్రవేశ దరువును పాడుకొనెడివాడు. పిల్లలు తల్లుల యొడిలో నిద్రించుచు, రాజు వేషము వచ్చినపుడు లేచుచు, తెల్లవారువరకు ఆట చూచెడివారు. ఆ ఆటలకు మూలమైనవి యక్షగానములు. నేటికి లభించిన తెలుగు యక్షగానములలో మొదటిదని పండితులు నిర్ణయించిన సుగ్రీవ విజయమును రచించినవాడు ఈ సీమకు చెందిన కవియే. ఆయన కందుకూరి రుద్రకవి.

కందుకూరు 1970 ఫిబ్రవరి వరకు నెల్లూరు జిల్లాలోనే యుండెను. ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు అందు చేరి, 2022 ఏప్రిల్ నెలలో మరల నెల్లూరు జిల్లాలో కలిసెను. విజయనగర ప్రభువుల నాడు ఇది ఉదయగిరి రాజ్యమునకు లోబడిన సీమ. కృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర కాలము ముట్టడించి 1514లో ఉదయగిరిని గజపతుల నుండి గైకొనెను. దుర్గమునందలి బాలకృష్ణ విగ్రహమును తన రాజధానికి కొనిపోయి ఆలయము కట్టించెను. ఆ యుద్ధముల వేడి చల్లారిన తరువాతి తరములలో, అనగా 16వ శతాబ్దిలో, రుద్రకవి జీవించెను.

ఆయన విశ్వబ్రాహ్మణ కులజుడని పరంపర చెప్పుచున్నది. సుత్తి, పట్టకారు, కుంపటి కులవృత్తికి సాధనములుగా గల వంశమన్నమాట. ఆ యూర ఇద్దరు దేవుళ్లు ఆయనకు ఆరాధ్యులు. ఒకడు సోమేశ్వరుడు, రెండవవాడు జనార్దనుడు. నిరంకుశోపాఖ్యానమను ప్రబంధమును సోమేశ్వరునకు అంకితము చేసెను. సుగ్రీవ విజయమును జనార్దనునకు సమర్పించెను. జనార్దనాష్టకమను ఎనిమిది పద్యముల చిన్న కృతియును ఆ స్వామి మీదనే చెప్పెను. అందు కవి తాను కనబడడు. వేరొకతె యింట రాత్రి గడపి వచ్చిన నాయకుని నిలదీయు నాయిక గొంతు వినబడును. ఏడేసి మాత్రల నడకలో సాగు ఆ పద్యములు చదువుటకంటె పాడుటకే తగినవి. ఒక మనిషి మనసును ఆ మనిషి నోటనే, తాళమునకు ఒదిగిన మాటలలో పలికించుట నాటకకర్త నేర్పు. ఆ నేర్పు ఈ చిన్న కృతిలోనే స్పష్టముగా తెలియుచున్నది.

రాజసభా ప్రవేశమును గూర్చి రుద్రకవి పేర ఒక కథ చిరకాలముగా ప్రచారములో నున్నది. విజయనగరమునకు వెళ్లిన కవికి రాజదర్శనము లభించలేదట. మంత్రులను, ఆస్థాన పండితులను ఆశ్రయించినను ఫలము లేకపోయెను. వారు రేపు మాపు అని త్రిప్పిరేగాని లోనికి కొనిపోలేదు. తుదకు రాజునకు క్షౌరము చేయు మంగలి కొండోజు ఆ కవి విద్య నెరిగి, సమయము చూచి ప్రభువు చెవిని వేసి దర్శనము చేయించెను. కవి సభలో నిలిచి, మంత్రులకంటె మంగలి కొండోజు మేలని పద్యము చెప్పెనని చాటువు. రాజసేవలో ఆరితేరిన పెద్దలను వారి యెదుటనే ఆ మాట యనుటకు ఎంతటి గుండె కావలెను!

ఈ కథను కృష్ణదేవరాయల సభకు అంటగట్టుట పరిపాటి. అష్టదిగ్గజముల పట్టికలు కొన్నింట కందుకూరి రుద్రయ్య పేరు చేరుటకును ఇదియే దారి చేసియుండును. కాని కొండోజు కల్పిత పాత్ర కాడు. సదాశివరాయల కాలపు శాసనములలో ఆయన పేరు కలదు. అళియ రామరాయల మెప్పు పొంది, మంగలి వృత్తివారి మీద నున్న పన్నులను మాన్పించిన మహనీయుడని ఆ శాసనములు చెప్పుచున్నవి. తన కొరకు మాన్యమడుగక తన వృత్తివారి యందరి భారమును దించిన వానికి ఒక పేదకవిని సభకు చేర్చుట సహజమైన పనియే. కృష్ణదేవరాయలు 1529లో గతించెను. రామరాయల ప్రాబల్యము 1542 మొదలు 1565 వరకు సాగెను. కావున కవి విజయనగరమున కాలిడినది రామరాయల నాడని తలచుట యుక్తము. కృష్ణరాయల పేరు లేకున్నను ఆ కథకు కలుగు లోపమేమియు లేదు.

కళ్యాణపు శరణుల చరిత్ర తెలిసినవారికి ఈ కథ పరిచితమైన దానివలె తోచును. బసవేశ్వరుని చెంత నున్న హడపద అప్పణ్ణను మంగలి వృత్తివారు నేటికిని తమ కులగురువుగా కొలుతురు. మడివాళ మాచయ్య చాకలి, అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. కిన్నర బ్రహ్మయ్యను కన్నడ శరణ సంప్రదాయము అక్కసాలె వానిగా, అనగా స్వర్ణకారునిగా చెప్పును. కిన్నర మీటి శివుని మెప్పించిన ఆయన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున విస్తరించెను. అల్లమప్రభువు పూర్వాశ్రమమున మద్దెల వాయించువాడని హరిహరుని రగళె చెప్పుచున్నది. కాయకము వేరు, విద్య వేరు అను భేదము ఆ మహామండపమున లేకుండెను. నాలుగు వందల యేండ్ల తరువాత విజయనగరమున ఒక కంసాలి కవి, ఒక మంగలి ఒకరినొకరు గుర్తించుటకు వేరొక మండపము లేకపోయెను. వారికి లభించినది రాజు క్షౌరము చేయించుకొను కొద్దిపాటి సమయము మాత్రమే.

నిరంకుశోపాఖ్యానము చదువుచున్నపుడు బసవపురాణ భక్తులు తలపునకు రాక మానరు. నిరంకుశుడు సద్వంశమున పుట్టి చెడు త్రోవల దిరిగి, జూదమున సర్వము పోగొట్టుకొనినవాడు. ఒకనాడు పాడుపడిన శివాలయమున ఒంటిగా చిక్కి, ఆడుటకు తోడెవ్వరు లేక సాక్షాత్తు శివునితోనే పాచికలాటకు కూర్చుండెను. తన వంతు తానే వేసి, దేవుని వంతును తానే వేసెను. ఓడినచో తాను శివునకు దాసుడగుట, గెలిచినచో శివుడు రంభ నిచ్చుట పందెము. దేవుడు ఓడిపోయెను. ఓడినవాడు మాట నిలుపుకొనవలెను గదా యని నిరంకుశుడు నిలదీసెను. శివుడు మాట తప్పక రంభ నొసగెను.

ఇది శృంగార ప్రబంధము. భక్తికావ్యముగా దీనిని చూపుట సరికాదు. అయినను గుడిలోని లింగమును ఎదుటి ఆటగానిగా తలచిన ఆ చనువు ఎక్కడిది? గొడగూచి పాలు త్రాగుమని శివుని బ్రతిమాలి త్రాగించెను. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని తలచి తానే తల్లియై లాలపోసెను. రుద్రపశుపతి శివుడు విషము మ్రింగెనని విని తల్లడిల్లెను. నంబి తన ప్రియురాలి యలుక తీర్చుటకు శివునే రాయబారిగా పంపెను. ఈ ముగ్ధభక్తుల కథలు తెలుగునాట వాడవాడల వినబడిన తరువాతనే నిరంకుశునివంటి నాయకుడు తెలుగు కావ్యమున పుట్టుటకు వీలయ్యెను. భేదమొక్కటి కలదు. ఆ భక్తులకు కావలసినది శివుడు. నిరంకుశునకు కావలసినది రంభ. కాని మాట నిలుపుకొను శివుడు మాత్రము ఇరువురికి ఒక్కడే.

ప్రబంధము వ్రాయగలిగి, రాజసభ చూచిన కవి జక్కులవారి పాటల వైపు ఏల మరలెను? ఆయన జీవితమున ఆలోచింపదగిన ఘట్టమిదియే. నాడు కవియనిపించుకొనుటకు వర్ణనలతో నిండిన ప్రబంధము చాలును. పాటలు కట్టుట పండితులు గౌరవించిన పని కాదు. జక్కులవారు ఊరూర తిరుగుచు దేవతల కథలు పాడి యాడి బ్రతుకువారు. ఓరుగల్లు వీథులలో పాడిన జక్కుల పురంధ్రి ప్రసక్తి క్రీడాభిరామమున కలదు. రుద్రకవికి పూర్వమే ప్రోలుగంటి చెన్నశౌరి సౌభరి చరితమను జక్కుల కథను రచించెను. ఆ గ్రంథము నేడు లేదు. పాటను పాటగానే ఎంచి తాటాకుపై భద్రపరచువారు లేకపోవుటచే అట్టివి ఎన్ని నశించినవో!

ఇట్టి ఆటపాటల జాడ మన వాఙ్మయమున ముందుగా కనబడునది శ్రీశైలమునందే. పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణమున సోమనాథుడు శివరాత్రికి కొండ నెక్కు భక్తుల సందడిని కన్నులకు కట్టించెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వెన్నెల పదములు మొదలగువాని పేర్లన్నియు అచట కలవు. గంధర్వ యక్ష విద్యాధరుల వేషములు దాల్చి పాడుచు ఆడువారిని, బొమ్మలాటలను సైతము ఆయన మరువలేదు. పండితులు విన్నను వ్రాయక విడిచినదానిని సోమనాథుడు వ్రాసి నిలిపెను. ఆయన గావించిన ఉపకారములలో ఇది చిన్నది కాదు.

ఉపకారము పేర్లు నిలుపుటతోనే ముగియలేదు. యక్షగానపు పాటలకు ఎముకల గూడు రగడ. రగడ యనగా మాత్రల లెక్కతో నడచుచు, రెండేసి పాదములు ప్రాసతో జతపడు దేశి ఛందస్సు. కన్నడమున హరిహరుడు దీనినే రగళెగా మలచి నంబియణ్ణ కథను, బసవరాజదేవుని చరిత్రను పాడెను. తెలుగున సోమనాథుడు బసవ రగడ, గంగోత్పత్తి రగడ, సద్గురు రగడ రచించెను. అనగా శరణుల కీర్తిని పలుమంది నోట పలికించుటకు శైవకవులు సానబట్టిన పనిముట్టు ఇది. మూడు నాలుగు మాత్రలు కలిసి ఏడుగా నడచు వృషభగతి రగడ త్రిపుట తాళమునకు సరిపోవును. ఐదేసి మాత్రల ద్విరదగతి జంపెకు ఒదుగును. ఆ పాదములను కొంత తగ్గించి, కొంత కూర్చి, చివర విరామమిచ్చి పాడినచో యక్షగానపు పాట సిద్ధమగును. 1656 నాటి అప్పకవీయమున అప్పకవి యక్షగానములకును రగడలకును గల ఈ సంబంధమును లక్షణముగా చెప్పెను. రుద్రకవి లక్షణము పుట్టకముందే లక్ష్యమును నిర్మించెను.

సుగ్రీవ విజయము కథ కిష్కింధా కాండములోనిది. సీతను గోల్పోయిన రాముని విరహము, ఋశ్యమూకమున హనుమంతుని రాక, సుగ్రీవునితో చెలిమి, వాలితో పోరు, వాలి పతనము, సుగ్రీవ పట్టాభిషేకము ఇందలి ఘట్టములు. త్రిపుట, జంపె మొదలగు తాళముల పాటలు, ఏలలు, అర్ధచంద్రికలు, ద్విపదలు, పద్యములు, వచనములు కలసి నడచును. కథను ముందునకు జరుపుటకు ద్విపద, వచనము ఉపయోగపడును. మనసు కరుగు తావున పాట వచ్చును. ఎచట కథకుడు మాటాడవలెను, ఎచట పాత్రను పాడనీయవలెను అను వివేకము కవికి పుష్కలముగా కలదు. గద్దె మీద కూర్చుండి వినువారి కొరకు గాక, చాపల మీద, ఇసుక మీద కూర్చుండి చూచువారి కొరకు కూర్చిన కూర్పిది. కనుకనే వర్ణనలు కథను మ్రింగివేయలేదు.

రుద్రకవి రామాయణమంతటిని ఎత్తుకొనలేదు. ఒక్క రాత్రిలో పాడి ముగింపదగినదియు, ఇద్దరు అన్నదమ్ముల పగతో ఎల్లవారికి అర్థమగునదియునైన భాగమును ఎన్నుకొనెను. కృతి పేరు విజయమే గాని, వినువారి గుండెలో నిలుచునది తార శోకము. మరల యుద్ధమునకు పిలిచిన సుగ్రీవుని వెనుక ఎవరో బలవంతుడు కలడని ఆమె ముందే యూహించెను. వాలికి చెప్పెను. వాలి వినలేదు. ఇట్టి ఇల్లాలి మాట పెడచెవిని బెట్టి చెడినవారు ప్రతి పల్లెలోను ఉందురు. అది సంస్కృత కావ్యము చదివినవారికి మాత్రమే తెలియు దుఃఖము కాదు. చాటున నుండి కొట్టుట ధర్మమా యని పడిపోయిన వాలి అడుగు ప్రశ్న మరింత బరువైనది. రాముని దేవునిగా కొలుచు జనుల నడుమ, రాత్రి నడిజామున, ఆ ప్రశ్నను బిగ్గరగా పాడించుటకు వీలిచ్చునది వీథి నాటకమే.

ఇచట వీరమాహేశ్వర నిష్ఠ గలవారికి ఒక సంశయము కలుగుట న్యాయమే. సోమనాథుడు అన్యదైవముల ప్రశంసను సహింపలేదు. భవులతో పొత్తు వలదని ఖండితముగా పలికెను. అట్టి నిష్ఠకు ఒక చేత సోమేశ్వరునకు, మరియొక చేత జనార్దనునకు కృతులిచ్చిన రుద్రకవి ఒదుగునా? ఒదుగడు. ఆయనను శరణుల కోవలో చేర్చి చెప్పుకొనుట సత్యము గాదు, అవసరమును గాదు. కాని సోమనాథుడు పోరాడినది దైవనిష్ఠ కొరకు మాత్రమే కాదు. ఉరుతరమైన గద్యపద్యములు కొందరికే తెలియునని, సరసమైన జాను తెనుగు, ద్విపద సర్వసామాన్యమని ఎంచి, శివకవితను పదిమంది నోటికి అందించుటకై పండితుల మార్గమును కాదని దేశి త్రోవను పట్టెను. ఆ త్రోవ వేయబడిన తరువాత దాని మీద శివభక్తుడు మాత్రమే నడువవలెనను నియమము లేదు. రుద్రకవి ఆ బాట మీద రామకథను నడిపించెను. జనార్దనునకు అంకితమైన గ్రంథమున సోమనాథుని ద్విపద, శైవుల రగడ కాళ్లకు గజ్జెలు కట్టుకొని ఆడుచున్నవి. మతము మారినను నడక మారలేదు.

1565లో రాక్షసి తంగడి యుద్ధమున రామరాయలు కూలెను. విజయనగరము పాడుపడెను. సభకు దారి చూపిన కొండోజు లేడు, సభయు లేదు. క్రమముగా గోల్కొండ సేనలు కృష్ణకు దక్షిణముగా దిగి, 1580 ప్రాంతమునకు కొండవీటి సీమను ఆక్రమించెను. ఇట్టి తావున తెలుగు కవికి దిక్కెవరని అడుగవలసి వచ్చును. దిక్కు గోల్కొండ నుండియే లభించెను. ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యమునకు రాకపూర్వము ప్రాణభీతిచే విజయనగరమున ఏడేండ్లు రామరాయల నీడన తలదాచుకొనెను. తెలుగు రుచి ఆయనకు అచటనే అబ్బెనని తలంతురు. 1550 నుండి 1580 వరకు ఆయన పరిపాలించెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితము చేసెను. ఆ రాజ్యమునందలి అమీనుఖానునకు పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు యయాతి చరిత్రమును అంకితమిచ్చెను.

ఆ ఇబ్రహీము రుద్రకవికి చింతలపాలెమను గ్రామమును అగ్రహారముగా ఒసగెను. అగ్రహారమనగా సామాన్యముగా వేదవిదులకు ఇచ్చునది. దానమిచ్చినవాడు మహమ్మదీయ ప్రభువు. పుచ్చుకొనినవాడు సోమేశ్వరుని కొలుచు విశ్వబ్రాహ్మణ కవి. ఆ కవి చేతిలో నున్నది రామకథను వీథులలో పాడించు పుస్తకము. విజయనగర మంత్రులు వాకిట నిలిపిన కవికి, ఆ విజయనగరమును కూల్చిన రాజులలో ఒకడు ఊరినిచ్చుట కాలవైపరీత్యమే. ఇచటను ఒక విశేషము కలదు. రుద్రకవి తన కృతులను ఇబ్రహీమునకు అంకితము చేయలేదు. ప్రబంధము సోమేశ్వరునిది, యక్షగానము జనార్దనునిది. నరుని యొద్ద భూమి పుచ్చుకొనెనేగాని కృతులను మాత్రము తన యూరి దేవుళ్లకే యుంచుకొనెను.

ఆ తరువాత యక్షగానము దక్షిణమునకు సాగెను. 17వ శతాబ్దిలో తంజావూరు నాయకరాజులు దానిని తమ సభలోనికి ఆహ్వానించిరి. విజయరాఘవ నాయకుడు స్వయముగా యక్షగానములు వ్రాసెను. ఆయన ఆస్థానమున రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రచించెను. పండితుల వాకిట నిలువలేని పాట ఒక నూరేండ్లలో సింహాసనము నెదుట కూర్చుండెను. అచట అది పాత్రలు మాటాడుకొను నిండు నాటకముగా పెరిగెను. రుద్రకవి నాడు జక్కుల కథకుడే పలు పాత్రలకు గొంతు నిచ్చుచు పాడినదానిని, తంజావూరిలో వేరువేరు వేషములు పంచుకొనినవి. మేలట్టూరు భాగవతుల ఆటలు ఆ వెలుగులోనివే. తెలుగునాట పల్లెలలో వీథి నాటక మేళములు ఆ పాటలను మోసెను. జంగము కథకులు తంబుర మీటుచు, ఇరుప్రక్కల గుమ్మెటలు మ్రోగ, ద్విపద నడకతో బొబ్బిలి కథను, బాలనాగమ్మ కథను రాత్రులు చెప్పిరి.

అచ్చుయంత్రము వచ్చిన తరువాత చాలకాలమునకు గాని ఈ వాఙ్మయము పండితుల దృష్టికి రాలేదు. 1961లో ఎస్వీ జోగారావుగారి ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర వెలువడినది. తాటాకులలోను, మేళగాండ్ర నోళ్లలోను చెదరియున్న వందలాది యక్షగానములు ఆ గ్రంథమున ఒక వరుసకు వచ్చినవి. లభించిన కృతులలో ఆ వరుసకు తొలుత నిలిచినది కందుకూరి కవి పుస్తకమే. దానిలో తార యింకను వాలిని వారించుచునే యున్నది.